పన్ను కట్టేది ఒకరు, మోసేది ఇంకొకరు: అద్దె, పెన్షన్, కరెంటు బిల్లుల్లో అసలు భారం ఎవరిది?

చదరపుగజం
మూడు చర్చలు చదివాను, మూడింట్లోనూ ఒకే వాదన ఎవరికి కావాల్సినట్టు వాళ్లు తిప్పుకుంటున్నారు. ఇళ్ల ఓనర్ల మీద పన్ను పెంచుదామంటే "అద్దెలో కలిపేస్తారు, చివరికి అద్దెకుండేవాడికే దెబ్బ" అంటారు. పెన్షన్‌కి కంపెనీ వాటా పెంచుదామంటే మాత్రం "కట్టేది కంపెనీయే కదా, ఉద్యోగికి పోయేదేముంది" అంటారు. కరెంటు కంపెనీల అదనపు లాభం మీద పన్ను వేద్దామంటే మళ్లీ "బిల్లులో వేసేస్తారు". ఓనరు పక్కవాడి మీదకి తోసేయగలిగితే కంపెనీ ఎందుకు తోసేయలేదు? ఎవరు ఎంత తోసేయగలరో తేల్చే లెక్క ఉందా, లేక ఎవరికి నచ్చింది వాళ్లు అనుకోవడమేనా? తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

లెక్కలమాస్టారు
లెక్క ఉంది. తప్పించుకునే దారి లేనివాడి మీదే భారం పడుతుంది. చట్టంలో ఎవరి పేరు రాశారన్నది దాన్ని పెద్దగా మార్చదు.

రెండు అంకెలు కావాలి. ధర ఒక శాతం పెరిగితే కొనేవాళ్లు ఎంత శాతం తగ్గిస్తారన్నది ఒకటి, అమ్మేవాళ్లు సరుకు ఎంత శాతం పెంచుతారన్నది రెండోది. ఈ రెండో అంకెని, రెండూ కలిపిన మొత్తంతో భాగిస్తే కొనేవాడి వాటా వస్తుంది. ఈ అంకెలనే ఎలాస్టిసిటీ అంటారు. అమ్మేవాళ్లది (సప్లై) 2, కొనేవాళ్లది (డిమాండు) 0.5 అనుకోండి. 2ని 2.5తో భాగిస్తే 0.8. పన్ను 10 అయితే 8 కొనేవాడి నెత్తిన, 2 అమ్మేవాడి నెత్తిన. అంకెలు తారుమారైతే భారం కూడా తారుమారవుతుంది.

1991 జనవరి నుంచి అమెరికాలో లక్ష డాలర్లు దాటిన పడవల మీద, ఆ దాటిన మొత్తంపై 10 శాతం పన్ను వేశారు. డబ్బున్నవాళ్ల దగ్గర వసూలు చేద్దామని ఉద్దేశం. డబ్బున్నవాళ్లు కొత్త పడవ కొనడం మానేశారు, వాళ్లకి ఖర్చు పెట్టుకోవడానికి ఇంకా వంద దారులున్నాయి. పడవలు కట్టే కార్మికులకి లేవు. పనులు పోయాయి. 1993లో ఆ పన్ను ఎత్తేశారు.

గుమస్తా
అయితే చెక్కు ఎవరు రాసినా ఒకటేనా మాస్టారూ? మరి ప్రభుత్వాలు ఎవరి దగ్గర వసూలు చేయాలా అని అంత ఎందుకు ఆలోచిస్తాయి?

లెక్కలమాస్టారు
@గుమస్తా ఒకటే అన్నది ఎగవేత లేనప్పటి మాట. లక్షమంది ఉద్యోగులు విడివిడిగా రిటర్నులు వేసి కట్టడం కంటే వాళ్ల జీతాలిచ్చే వెయ్యి కంపెనీలు కోసి కట్టడం తేలిక, తనిఖీ కూడా తేలిక. వసూలు ఎక్కడ చేయాలన్నది పరిపాలన ప్రశ్న, భారం ఎవరిదన్నది వేరే ప్రశ్న. జనం ఈ రెండింటినీ కలిపేస్తారు.

నీలిమబ్బు
ఇంకోటి కలపండి. ధరలు పైకి ఎక్కినంత చురుగ్గా కిందికి దిగవు. ఫిన్లాండ్‌లో క్షౌరశాలల వ్యాట్ 2007లో 22 నుంచి 8 శాతానికి తగ్గించారు, 2012లో 9 నుంచి 23కి పెంచారు. రెండుసార్లూ తేడా 14 పాయింట్లే. పెంచినప్పుడు ధరలు కదిలిన దాంట్లో సుమారు సగమే తగ్గించినప్పుడు కదిలాయి. మాస్టారి ఫార్ములాలో ఈ తేడా ఎక్కడా లేదు.

పాతపుస్తకం
నీలిమబ్బు గారి మాటకి ఇంకో సాక్ష్యం ఫ్రాన్స్. 2009 జులైలో రెస్టారెంట్ల వ్యాట్ 19.6 నుంచి 5.5కి దించారు. భోజనం ధర తగ్గింది కొంచెమే, ఎక్కువ భాగం యజమానుల దగ్గర ఆగిపోయింది. అందుకే "పన్ను తగ్గిస్తే ధరలు తగ్గుతాయి" అని ఎవరైనా అంటే నేను నమ్మను.

చదరపుగజం
సరే, ఇంటి పన్ను సంగతి చెప్పండి. నా అసలు ప్రశ్న అదే.

ఎర్రతురాయి
ఇంటి పన్ను అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ అందులో రెండు పన్నులున్నాయి. నేల మీద ఒకటి, కట్టడం మీద ఒకటి. రెండూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకంగా పనిచేస్తాయి.

నేల పెరగదు, తరగదు. పన్ను వేశారని ఓనరు స్థలాన్ని మడిచి పట్టుకుపోలేడు. అద్దెకుండేవాడు ఆ చోటుకి ఎంత ఇవ్వగలడో అంతా ముందే వసూలు చేస్తున్నాడు కాబట్టి పెంచడానికి జాగా కూడా లేదు. కాబట్టి మొత్తం ఓనరు మీదే. పైగా ప్రకటించిన రోజున ఎవరి పేరున ఉందో ఆ ఓనరు మీదే. ఏడాదికి నేల ఆదాయం 10,000, వడ్డీ రేటు 5 శాతం అనుకుంటే విలువ 2,00,000. ఇప్పుడు విలువ మీద ఏటా 2 శాతం పన్ను వేశారు. చాలామంది 2 లక్షల మీద 2 శాతం, అంటే 4,000 అని లెక్కేస్తారు. తప్పు. పన్ను వల్ల విలువే పడిపోతుంది, పడిపోయిన విలువ మీదే పన్ను లెక్క. 10,000ని 7 శాతంతో భాగించాలి: విలువ 1,42,857, ఏడాది పన్ను 2,857. పాత ఓనరుకి ఒక్కరోజులో 57,143 ఎగిరిపోయింది. రేపు కొనేవాడు తక్కువ ధరకి కొని ఏటా పన్ను కడతాడు, అతనికి నష్టమూ లేదు లాభమూ లేదు.

కట్టడం అలా కాదు. దాని మీద పన్ను వేస్తే కొత్తగా కట్టేవాళ్లు తగ్గుతారు, పాతవాటికి మరమ్మతులు తగ్గుతాయి. అయిదేళ్లు, పదేళ్లు గడిచేసరికి ఇళ్లు తక్కువై అద్దెలు పెరుగుతాయి. "అద్దెలో కలిపేస్తారు" అన్నది కట్టడం విషయంలో నిజం, నేల విషయంలో కాదు. ఎస్టోనియా 1993 నుంచి నేల మీదే పన్ను వేస్తోంది, ఇంటి మీద లేదు. పిట్స్‌బర్గ్ 1913 నుంచి 2001 దాకా నేలకి ఎక్కువ రేటు, కట్టడానికి తక్కువ రేటు పెట్టింది.

సర్వేరాయి
ఆ ఎస్టోనియాలోనే ఏం తేడా కొట్టిందో కూడా చెప్పాలి. 2001లో కట్టిన విలువలే రెండు దశాబ్దాలు నడిచాయి, మళ్లీ మదింపు చేసింది 2022లో. నగరంలో నేల ధర ఎన్నో రెట్లు పెరిగినా పన్ను పాత అంకె మీదే. నేల పన్ను మంచిదా చెడ్డదా అన్న వాదన ఎంతసేపైనా చేసుకోవచ్చు, మదింపు ఎన్నేళ్లకోసారి అన్నది చట్టంలో రాయకపోతే అది ఏ పన్నూ కాకుండా పోతుంది. ఆలస్యం చేసి ఒక్కసారి సవరిస్తే బిల్లు ఒక్క ఏట అమాంతం పెరుగుతుంది, జనం వీధిలోకి వస్తారు, మంత్రి మళ్లీ ఆపేస్తాడు.

వడ్డీలెక్క
కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ఆమోదించిన ఇంటి పన్ను నియమం, ప్రతిపాదన 13, దీనికి పరాకాష్ఠ. పన్ను విలువలో 1 శాతం, కానీ ఆ విలువ ఏటా 2 శాతం మించి పెరగకూడదు, ఇల్లు అమ్మితేనే కొత్త మదింపు. పక్కపక్క ఇళ్లు, ఒకే వైశాల్యం, ఒకాయన కట్టేది ఇంకొకాయన కట్టేదానికి ఎన్నో రెట్లు. పాత ఓనరు ఇల్లు పెద్దదైపోయినా కదలడు, కదిలితే పన్ను పెరుగుతుంది.

పాతపుస్తకం
@ఎర్రతురాయి కాగితం మీద బాగుంది. నిజంలో అద్దె ఒప్పందాల్లో "పన్నులు అద్దెదారువే" అని ఒక లైను ఉంటుంది, పన్ను పెరిగిన నెలే అద్దెదారు జేబుకి చిల్లు. అదీగాక ఇల్లు తప్ప చేతిలో డబ్బు లేని రిటైరైన మనిషి సంగతేంటి? నేల విలువ పెరిగిందని ఆమె పెన్షన్ పెరగదు.

ఎర్రతురాయి
ఒప్పందంలో లైను ఉంటే ఆ ఒప్పందం గడువు దాకా అద్దెదారు మీదే పడుతుంది, నిజమే. గడువు అయ్యాక మూల అద్దె దిగాలి, ఎందుకంటే అద్దెదారు చూసేది మొత్తం ఖర్చు. ఇక రిటైరైనవాళ్లకి వాయిదా పద్ధతి ఉంది. బ్రిటిష్ కొలంబియాలో 55 ఏళ్లు దాటినవాళ్లు ఇంటి పన్ను వాయిదా వేసుకోవచ్చు. అది వడ్డీతో సహా ఇంటి మీద బాకీగా నమోదవుతుంది, ఇల్లు అమ్మినప్పుడో వారసులకి వెళ్లినప్పుడో తీరుతుంది. మాఫీ చేయడం కంటే ఇది నయం. మాఫీ చేస్తే లాభం వారసులకి, భారం పక్కింటివాళ్లకి.

పాతపుస్తకం
"దిగాలి" అన్న మాటకీ "దిగింది" అన్న మాటకీ మధ్య మూడేళ్ల అద్దె ఉంటుందండీ. ఆ మూడేళ్లు మోసింది ఎవరో కూడా లెక్కలో రావాలి.

గుమస్తా
స్టాంప్ డ్యూటీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏటా కట్టే పన్ను కంటే ఒక్కసారి కట్టేదే నయం కదా?

వడ్డీలెక్క
@గుమస్తా నా దృష్టిలో ఇంటి పన్నులన్నిట్లోకీ చెడ్డది అదే. ఇల్లు మారితేనే పన్ను కాబట్టి జనం మారడం మానేస్తారు. ఉద్యోగం ఊరి అవతల దొరికినా పాత ఇంట్లోంచే గంటలు ప్రయాణం చేస్తారు.

స్లాబు తప్పుగా పెడితే ఇంకా ఘోరం. బ్రిటన్‌లో 2014 డిసెంబర్ దాకా రేటు మొత్తం ధర మీద పడేది. 2,50,000 పౌండ్ల ఇంటికి 1 శాతం, 2,500. ఒక్క పౌండు దాటితే మొత్తానికీ 3 శాతం, 7,500. ఒక్క పౌండుకి 5,000 పౌండ్ల శిక్ష! దాంతో 2,50,000 దగ్గర అమ్మకాలు గుట్టలా పోగుపడేవి, ఆ పైన కొంత దూరం దాదాపు ఖాళీ. తర్వాత ఏ భాగానికి ఆ భాగం రేటు పెట్టి ఆ గోతిని పూడ్చారు.

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా ఉన్న ప్రాంతం 2012లో స్టాంప్ డ్యూటీని మెల్లగా తీసేసి ఏటా కట్టే నేల పన్నులోకి మారడం మొదలుపెట్టింది, 20 ఏళ్ల పథకం. అన్నేళ్లు ఎందుకంటే, నిన్న స్టాంప్ డ్యూటీ మొత్తం కట్టి కొన్నవాడికి రేపటి నుంచి ఏటా పన్ను కూడా వేస్తే రెండుసార్లు వసూలు చేసినట్టు. ఏటా ఒకటి కొంచెం తగ్గుతూ రెండోది కొంచెం పెరిగితే ఆ అన్యాయం పలచబడుతుంది.

చదరపుగజం
అద్దెదారుకి నేరుగా డబ్బు సాయం చేస్తే? అప్పుడు ఈ గొడవే ఉండదుగా.

ఎర్రతురాయి
మాస్టారి సూత్రమే, తిరగేసి చదవండి. సాయం కూడా తప్పించుకోలేని వైపుకే, అంటే కొరత ఉన్న వైపుకే జారుతుంది. ఫ్రాన్స్‌లో ఇంటి అద్దె సాయం మీద 2006లో వచ్చిన పరిశోధన ప్రకారం అదనంగా ఇచ్చిన ప్రతి యూరోలో 78 సెంట్లు అద్దె పెరుగుదలగా ఓనర్లకి చేరాయి. ఇళ్లు కట్టకుండా డబ్బు పంచితే జరిగేది ఇదే. గృహరుణం వడ్డీకి పన్ను రాయితీ కూడా అంతే, ఇంటి ధరలో కలిసిపోతుంది. బ్రిటన్ ఆ రాయితీని ఏళ్ల తరబడి కోస్తూ వచ్చి 2000లో పూర్తిగా తీసేసింది.

సముద్రపుగాలి
అయితే అద్దెల మీద గరిష్ఠ పరిమితి పెట్టేస్తే సరి.

వడ్డీలెక్క
@సముద్రపుగాలి శాన్‌ఫ్రాన్సిస్కో 1994లో చిన్న పాత భవనాలకీ పరిమితి విస్తరించింది. అప్పటికే ఉన్న అద్దెదారులకి నిజంగా మేలు జరిగింది, కదలకుండా ఉండగలిగారు. కానీ ఆ భవనాల ఓనర్లు అద్దెకిచ్చే ఇళ్లని 15 శాతం తగ్గించారు. అమ్ముకోవడం, కూల్చి కొత్తవి కట్టడం లాంటివి చేసి తప్పించుకున్నారు. ఫలితంగా నగరం మొత్తంలో అద్దె 5.1 శాతం పెరిగిందని లెక్క తేలింది. లోపలున్నవాడికి మేలు, బయట నిలబడ్డవాడికి కీడు.

సముద్రపుగాలి
వియన్నాలో సగం మంది దాకా నగరపాలక ఇళ్లలో, సబ్సిడీ ఇళ్లలో ఉంటున్నారు, అక్కడ అద్దెలు మరీ అలా మండిపోవడం లేదే?

ఎర్రతురాయి
వియన్నా చేసింది పరిమితి ఒక్కటే కాదు, 1920ల నుంచి కడుతూనే ఉంది. సప్లై వైపు పనిచేసింది. ఆ సగం మాట ఎత్తేవాళ్లు వందేళ్ల కట్టుబడి మాట కూడా ఎత్తాలి.

గుమస్తా
ఇక నా ప్రశ్న. పెన్షన్‌లో కంపెనీ వాటా నిజంగా కంపెనీదేనా?

లెక్కలమాస్టారు
ఎక్కువ భాగం కాదు, కానీ షరతులున్నాయి. చిలీ 1981లో పెన్షన్ వ్యవస్థ మార్చినప్పుడు యజమానుల వాటా దాదాపు తీసేసింది, ఉద్యోగి జీతంలో 10 శాతం సొంత ఖాతాకి వెళ్లేలా పెట్టింది. ఫ్యాక్టరీల లెక్కలు తీసి 1997లో ఆర్థికవేత్త జొనాథన్ గ్రూబర్ చూపించింది ఏమిటంటే, యజమాని మీద తగ్గిన పన్ను దాదాపు మొత్తం జీతాల పెంపుగా వచ్చింది, ఉద్యోగాల సంఖ్య మారలేదు. అంటే అంతకుముందు ఆ వాటా మోసింది ఉద్యోగే.

ఇక షరతులు. ఒకటి, కట్టినదానికి తగ్గట్టు తన పెన్షన్ పెరుగుతుందని ఉద్యోగికి కనిపించాలి. అప్పుడే తక్కువ జీతానికి ఒప్పుకుంటాడు. కట్టినదానికీ వచ్చేదానికీ సంబంధం లేకపోతే అతను దాన్ని ఉత్త పన్నుగానే చూస్తాడు, అప్పుడు కంపెనీ మీద ఎక్కువ కాలం నిలుస్తుంది. ఫ్రాన్స్ లెక్కల్లో ఈ తేడా స్పష్టంగా బయటపడింది. రెండు, కనీస వేతనం దగ్గర ఉన్నవాడి జీతం చట్టప్రకారం తగ్గించలేరు. అక్కడ కంపెనీ భరించాలి, లేదా మనిషిని తీసుకోవడం మానేయాలి. వాటా పెంపు వల్ల ముందుగా దెబ్బ తినేది ఈ చివరి మెట్టు మీదివాళ్లే.

కిలోవాట్
అమెరికాలో ఉద్యోగి 6.2, కంపెనీ 6.2 శాతం అని రెండుగా చీల్చి చూపిస్తారు. జీతం చీటీలో 12.4 అని ఒకే లైను వేస్తే ఎవరు మోస్తున్నారో జనానికి అర్థమయ్యేది.

పాతపుస్తకం
మోసేది ఎవరో తేలినా అసలు లోటు తీరదు. వృద్ధులు పెరుగుతున్నారు, పనిచేసేవాళ్లు తగ్గుతున్నారు.

లెక్కలమాస్టారు
@పాతపుస్తకం దానికి చిన్న గుణకారం చాలు. నేడు వసూలు చేసి నేడే పంచే పద్ధతిలో, సగటు జీతంలో పెన్షన్ ఎంత శాతమో దాన్ని ఒక్కో వృద్ధుడికి ఎంతమంది పనివాళ్లున్నారో దాంతో భాగించాలి. పెన్షన్ జీతంలో సగం, పనివాళ్లు నలుగురు అయితే 12.5 శాతం కోయాలి. ఇద్దరే అయితే 25. తిప్పడానికి మూడే మీటలు: వాటా పెంచడం, పెన్షన్ తగ్గించడం, వయసు పెంచడం. బయట నుంచి బడ్జెట్ డబ్బు వేస్తే అదీ ఎవరో కట్టే పన్నే.

స్వీడన్ ఈ గొడవని ఏటా పార్లమెంటుకి తీసుకురాకుండా ఒక పద్ధతి పెట్టింది. మొత్తం 18.5 శాతం వాటా. అందులో 16 కాగితం మీది ఖాతాలో జమ, 2.5 నిజమైన పెట్టుబడి. ఆస్తులు బాధ్యతల కంటే తగ్గితే పెన్షన్ పెంపు దానంతటదే తగ్గుతుంది. 2010లో అలాగే పెన్షన్లు నిజంగా తగ్గాయి. డెన్మార్క్ వయసుని ఆయుర్దాయానికి ముడిపెట్టింది, 2040కి 70 ఏళ్లు అని 2025లో పార్లమెంటు ఆమోదించింది.

నీలిమబ్బు
బ్రిటన్‌లో ట్రిపుల్ లాక్ అనే పెన్షన్ పెంపు నియమం దీనికి సరిగ్గా ఎదురు. ధరలు, జీతాలు, 2.5 శాతం, ఈ మూడింట్లో ఏది ఎక్కువైతే అంత పెంపు. ఒక ఏడాది ధరలూ జీతాలూ కదలకపోయినా పెన్షన్ 2.5 పెరుగుతుంది. మరుసటేడు జీతాలు 5 పెరిగితే పెన్షన్ కూడా 5. రెండేళ్లకి జీతాలు 5 శాతం, పెన్షన్ 7.6. ఒడిదుడుకులు ఎక్కువైనకొద్దీ జీతాలతో దూరం పెరుగుతుంది, ఎక్కడ ఆగాలో అందులో రాసి లేదు. కోవిడ్ తర్వాత జీతాల సగటు ఎనిమిది శాతం పైన చూపిస్తే ఆ ఒక్క ఏడాదికి జీతాల లెక్క పక్కన పెట్టి 3.1 ఇచ్చారు.

చదరపుగజం
మరి కరెంటు కంపెనీల లాభం మీద పన్ను బిల్లులోకి వస్తుందా?

కిలోవాట్
మార్కెట్ పద్ధతిలో ధర ఎలా తేలుతుందో చూస్తే జవాబు దొరుకుతుంది. ప్రతి గంటకీ చవకైన ప్లాంటు నుంచి మొదలుపెట్టి పిలుస్తూ పోతారు, డిమాండు తీర్చిన ఆఖరి ప్లాంటు ధరే అందరికీ. ఆ ఆఖరిది తరచుగా గ్యాస్ ప్లాంటు. గ్యాస్ మెగావాట్ అవర్ (వెయ్యి యూనిట్ల శక్తి) 40 యూరోలు, సామర్థ్యం 50 శాతం అయితే కరెంటుకి ఇంధనం ఖర్చే 80. కార్బన్ అనుమతి (కార్బన్ డయాక్సైడ్ వదలడానికి ప్లాంటు కొనుక్కోవాల్సిన పర్మిట్) టన్ను 80 ఉంటే, మెగావాట్ అవర్‌కి సుమారు 0.4 టన్ను చొప్పున ఇంకో 32. ధర 112. గాలిమర ఖర్చు దాదాపు సున్నా, అయినా దానికీ 112 అందుతుంది.

ఇప్పుడు గాలిమర, అణు ప్లాంట్ల అదనపు ఆదాయం మీద పన్ను వేస్తే బిల్లు మారదు, ధర నిర్ణయించేది గ్యాస్ ప్లాంటు కాబట్టి. అదే పన్ను గ్యాస్ ప్లాంటు మీద వేస్తే అలాగే బిల్లులోకి వస్తుంది. బ్రిటన్ 2023 జనవరి నుంచి మెగావాట్ అవర్‌కి 75 పౌండ్లు దాటిన ఆదాయం మీద 45 శాతం వేసినప్పుడు గ్యాస్ ప్లాంట్లని అందులో కలపలేదు.

ప్రమాదం ఇంకోచోట ఉంది. మళ్లీ మళ్లీ ఇలా వేస్తారని అనిపిస్తే కొత్త గాలిమరలకి పెట్టుబడి ఆగుతుంది, పదేళ్ల తర్వాత ఆ భారం బిల్లులో కనిపిస్తుంది. గడువు తేదీ చట్టంలోనే రాయాలి.

సముద్రపుగాలి
ఇంధనం మండిపోతున్నప్పుడు పన్ను తగ్గించడమే జనానికి సాయం కదా? జర్మనీ 2022 జూన్ నుంచి ఆగస్టు దాకా పెట్రోలు మీద లీటరుకి 35 సెంట్లు తగ్గించింది.

కిలోవాట్
@సముద్రపుగాలి చాలా భాగం బంకు దగ్గర తగ్గింది, డీజిల్‌లో ఎక్కువ, పెట్రోలులో కొంత తక్కువ. కానీ ఎక్కువ తిరిగేవాడికే ఎక్కువ సాయం అందింది, సరఫరా బిగుసుకున్న సమయంలో వాడకాన్ని ప్రోత్సహించినట్టూ అయింది. అదే దేశం 2023లో కరెంటుకి పెట్టిన పద్ధతి నాకు చాలా నచ్చింది. పాత వాడకంలో 80 శాతానికి యూనిట్ 40 సెంట్లు, మిగతాది ఒప్పందం ధర. అంకెలు చూడండి. పాత వాడకం 3,000 యూనిట్లు, ఒప్పందం ధర 55 సెంట్లు. సాయం = 2,400 యూనిట్లు × 15 సెంట్లు = 360 యూరోలు, ఇది ఈ ఏడాది వాడకంతో మారదు. 3,000 వాడితే బిల్లు 1,290. 2,000కి తగ్గిస్తే 740. పొదుపు చేసిన ప్రతి యూనిట్‌కీ 55 సెంట్లు పూర్తిగా మిగులుతాయి. సాయమూ అందింది, పొదుపు చేయాలన్న ఒత్తిడీ పోలేదు.

గుమస్తా
కంపెనీ 55ని 70 చేస్తే ఆ తేడా కూడా ప్రభుత్వమే ఇస్తుందిగా?

కిలోవాట్
@గుమస్తా సరిగ్గా అక్కడే చిల్లు. వినియోగదారుడు 80 శాతానికి 40 సెంట్లే కడతాడు కాబట్టి వేరే కంపెనీకి మారాలన్న తపన తగ్గుతుంది. అందుకే పోటీ పర్యవేక్షణ సంస్థకి ధరలు తనిఖీ చేసే అధికారం ఆ చట్టంలోనే ఇచ్చారు. ఇంకో చిల్లు కొత్తగా హీట్ పంప్ (కరెంటుతో ఇల్లు వేడిచేసే యంత్రం) పెట్టుకున్న ఇళ్లు. పాత లెక్కలో వాళ్ల కరెంటు వాడకం తక్కువ, ఇప్పుడు ఎక్కువ.

నీలిమబ్బు
కార్బన్ పన్ను కూడా ఇలాగే చేయొచ్చు: ధర ఉంచి, వసూలైన డబ్బు తలకింత అని తిరిగి ఇవ్వడం. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, టన్నుకి 50 పన్ను అంటే లీటరుకి పదకొండున్నర సెంట్లు. స్విట్జర్లాండ్ ఇళ్లు వేడిచేసే ఇంధనం మీద వసూలైనదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి ఇస్తుంది, జనానికి వచ్చే వాటాని ఆరోగ్య బీమా బిల్లులో తగ్గిస్తుంది.

పాతపుస్తకం
బీమా బిల్లులో చిన్న లైనుగా వస్తే ఎవరికి గుర్తుంటుంది? కెనడా బ్యాంకు ఖాతాలోనే వేసింది, అయినా వినియోగదారుల కార్బన్ రుసుము 2025 ఏప్రిల్ 1న ఆగిపోయింది. బంకు దగ్గర పన్ను ప్రతివారం కనిపిస్తుంది, వాపసు మూడు నెలలకోసారి వస్తుంది. ఫ్రాన్స్ వాపసు సరిగా ఇవ్వకుండానే పెంచబోయి 2018 అల్లర్ల తర్వాత టన్నుకి 44.60 యూరోల దగ్గర ఆపేసింది.

సర్వేరాయి
అద్దె ఇంట్లో కార్బన్ పన్ను ఎవరిదో కూడా తేల్చండి. ఇల్లు వేడిచేసే బాయిలర్‌ని మార్చగలిగేది ఓనరు, బిల్లు కట్టేది అద్దెదారు. పన్ను ఎంత పెంచినా బాయిలర్ మారదు.

కిలోవాట్
@సర్వేరాయి దీనికి జర్మనీ 2023 జనవరి నుంచి పది మెట్లు పెట్టింది. ఇల్లు ఏడాదికి చదరపు మీటరుకి 12 కిలోల కంటే తక్కువ కార్బన్ డయాక్సైడ్ వదిలితే పన్ను మొత్తం అద్దెదారుదే. పెరుగుతున్నకొద్దీ ఓనరు వాటా పెరుగుతుంది. 52 కిలోలు, ఆపైన వదిలితే 95 శాతం ఓనరుదే.

పాతపుస్తకం
ఓనరు ఆ 95 శాతం కొత్త అద్దెలో కలిపేస్తాడు.

ఎర్రతురాయి
@పాతపుస్తకం అన్ని ఇళ్ల మీదా ఒకేలా పడితే కలిపేసేవాడేమో. ఇది పాత బాయిలర్, వేడి బయటికి కారిపోయే కిటికీలు ఉన్న ఇంటి మీద ఎక్కువ, పక్కన బాగుచేసిన ఇంటి మీద తక్కువ. ఆ వీధిలో అద్దె ఎంత పలకాలో బాగుచేసిన ఇల్లు కూడా తేలుస్తుంది. ఉన్న ఒప్పందం మధ్యలో అయితే చట్టం ఒప్పుకున్నంత వరకే అద్దె పెంచగలడు.

పాతపుస్తకం
ఖాళీ ఇళ్లున్న ఊళ్లో అయితే ఒప్పుకుంటాను. ఒక్క ఇంటికి నలభైమంది వరసలో నిలబడ్డచోట పక్కింటి బాయిలర్‌తో పోల్చి బేరమాడేది ఎవరు?